సైకిల్ మీంచి పడలేదు

నవంబరు 17, సోమవారం

మీసం పోయింది.

మాకు కొడుకు లేడు. భవాని కర్మ నేనే చేయాలి. చేసేవాడు జుట్టూ మీసమూ రెండూ ఇవ్వాలి. జుట్టు ఇచ్చేందుకు పెద్దగా ఏమీ మిగల్లేదు, దాని బాధ లేదు. మీసం మాత్రం పదిహేడో ఏట పెంచాను, యాభై ఎనిమిదో ఏట పోయింది. మధ్యలో ఒక్క రోజు కూడా ఆ చోటికి ఎండ తగల్లేదు. నాన్నకూ అమ్మకూ మా అన్న గుండు చేయించుకున్నాడు. రెండుసార్లూ నాకు సమయానికి జ్వరం వచ్చింది. ఈసారి అన్నా లేడు, జ్వరమూ రాలేదు.

కృష్ణ ఒడ్డుకు కాలనీ సెలూన్ హనుమంతే వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా నా మీసం కత్తిరిస్తున్నవాడు. కత్తి పైపెదవి మీద ఆగిపోయింది.

"సార్, గిదేంది?"

"చిన్నప్పుడు సైకిల్ మీదికెళ్ళి పడ్డ."

"హ్యాండిల్ తాకిందా సార్, బ్రేకా?"

"బ్రేకు."

"అదే అనుకున్న," అన్నాడు. అతనేమనుకున్నాడో నాకు తెలుసు.

ముప్పై ఏళ్ళుగా ప్లాంటు ల్యాబులో నా పని బొగ్గు కాల్చి బూడిద శాతం కొలవడం. మాకొచ్చే బొగ్గులో నలభై దాకా ఉంటుంది. భవాని ఒక చిన్న కుండలో సరిపోయింది. లెక్క మనసులో వేసేశాను. నాలుగుకు లోపే. ఇంత మంచి గ్రేడు మా ప్లాంటుకు ఎప్పుడూ రాలేదు.

ఈ మాట ఆమెకు చెబితే నవ్వేది.


నవంబరు 18

హేమ చూసింది. నాలుగో నెల కాబట్టి నిన్న ఒడ్డుకు రానివ్వలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కూతురు తండ్రి పైపెదవిని మొదటిసారి చూడడం ఈ రోజే. వేలు పెట్టి తడిమింది.

"నాన్నా, ఇదేంది?"

"సైకిల్."

"పాపం. మస్తు నొచ్చిందా?"

"యాదికి లేదు."

ఈ ఒక్క మాట నిజం. ఐదు నెలల పసివాడికి ఏం గుర్తుంటుంది.

ఇక్కడైనా రాసుకోవచ్చు. సైకిల్ లేదు. పుట్టుకతోనే పైపెదవి ముక్కు దాకా చీలి ఉంది. గ్రహణం మొర్రి అంటారు. నాన్న ఎత్తుకుని రెండు బస్సులు మారి ఒక మిషన్ ఆసుపత్రికి తీసుకెళితే అక్కడి డాక్టరు కుట్టాడు. ఊళ్ళో అందరికీ నా పేరు మొర్రోడు. రాయచూరు కాలేజీలో చేరిన రోజు హాస్టల్లో ఎవరో అడిగారు. సైకిల్ అన్నాను. అప్పటికి మా ఇంట్లో సైకిలే లేదు. తర్వాత దానికి ఎర్ర రంగు కూడా వేశాను.

రాసి చూసుకుంటే సైకిలే నయంగా ఉంది.


నవంబరు 23

డ్యూటీలో చేరాను. మాస్కు పెట్టుకుని వెళ్ళాను. దుమ్ము పడటం లేదన్నాను. బొగ్గు ప్లాంటులో ముప్పై ఏళ్ళ తర్వాత దుమ్ము పడనివాణ్ణి నేనొక్కణ్ణే.

చాయ్ తాగితే కుట్టు పక్క నుంచి ఒక చుక్క కారుతుంది. అక్కడ స్పర్శ తక్కువ, నాకు తెలియదు. భవాని ఎదురుగా ఉంటే తన పైపెదవి ఒకసారి ముట్టుకునేది. నేను తుడుచుకునేవాణ్ణి. ఎంతమందిలో ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు. ఈ రోజు ఇంటికొచ్చి చూస్తే చొక్కా మీద మూడు మరకలు.

ఆమెకు మొదటి నుంచీ తెలుసు. "రిపేరైన మాల్" అనేది నన్ను. "మళ్ళ ఖరాబ్ గాదు, గ్యారంటీ."

గ్యారంటీ నాకు చెప్పి తను పోయింది. వంటింట్లో, కుక్కర్ రెండో కూతకూ మూడో కూతకూ మధ్య. ఆపే మనిషి లేక అది తొమ్మిది వేసింది. నేను ముందు గదిలో కూర్చుని లెక్కపెట్టాను. ఇవాళేంటి ఇన్ని, అనుకున్నాను.


నవంబరు 30

నాలుగు మిల్లీమీటర్లు. ల్యాబులో వెర్నియర్ ఉంది.

చిక్కేమిటంటే కుట్టు మీద వెంట్రుక మొలవదు. పక్కవి పొడుగై దాని మీద వాలాలి. ఇంకో ఎనిమిది కావాలి.

అల్లుడు నిఖిలేశ్ వచ్చి వెళ్ళాడు. భార్య కడుపుతో ఉంటే మొగుడు గడ్డం తీయకూడదని వాళ్ళమ్మ మహాదేవి నియమం. బ్యాంకు కౌంటర్ వెనక సన్యాసిలా కూర్చుంటున్నాడట. ఒకే కుటుంబం. ఒకడికి వద్దన్నా పెరుగుతోంది. ఇంకొకడు వెర్నియర్ పెట్టి కొలుస్తున్నాడు.


డిసెంబరు 12, శుక్రవారం

రాయచూరులో హేమకు ఐదో నెల స్కానింగ్. నేనూ వెళ్ళాను. భవాని ఉంటే భవాని వెళ్ళేది.

డాక్టరమ్మ తెర వైపు చాలాసేపు చూసింది. గుండె బాగుంది, వెన్ను బాగుంది, చేతులు కాళ్ళు బాగున్నాయి అంది. ఇన్ని బాగున్నాయని చెబుతున్నారంటే ఏదో బాగాలేదన్నమాట. పైపెదవి చీలి ఉంది. అంగిలి కూడా కొంచెం. పుట్టాక కుట్టొచ్చు, భయపడాల్సింది లేదు అంది.

"మీ ఇళ్ళలో ఎవరికైనా ఇలా ఉందా?" అని అడిగింది.

"లేదు మేడమ్," అంది హేమ.

నేను ఫైలు పట్టుకుని ఉన్నాను. మాస్కు పెట్టుకుని ఉన్నాను.


డిసెంబరు 14

మహాదేవి భోజనానికి పిలిచింది. చెడ్డ మనిషి కాదు. హేమకు దగ్గరుండి వడ్డిస్తుంది. ఈ రోజు కూడా వడ్డిస్తూనే మొదలుపెట్టింది.

"పోయినామెను అనొద్దు గని..."

అనొద్దు అని మొదలుపెట్టినవాళ్ళు అనకుండా ఆగరు. ఫోను తీసి నా కంచం పక్కన పెట్టింది. సెప్టెంబరు 7, చంద్రగ్రహణం. ఆ ఆదివారం హేమ మా ఇంట్లో ఉంది. ఫోటోలో బాల్కనీ, ఎర్రటి చంద్రుడు, కింద పళ్ళెంలో కోసిన జామకాయ ముక్కలు, వాటి మీద కారం, పక్కన కత్తి పట్టుకున్న చెయ్యి. గాజులు భవానివి. హేమ దాన్ని స్వయంగా కుటుంబం గ్రూపులో పెట్టింది. సాక్ష్యం ఇంతకన్నా పక్కాగా ఉండదు.

"గ్రహణం నాడు కడుపుతోనున్నోళ్ళను మా దిక్కు మంచం దిగనియ్యరు అన్నా. మీ ఇంట్ల కత్తి వట్టి జాంకాయ కోసిన్రు, తిన్నరు, ఫోటో సుత దిగిన్రు. వదినెకు జర సోయి ఉండాలె గదా."

హేమ తల వంచుకుంది.

"ఇంగ నెలే టైముంది. వేరే డాక్టర్ను అడుగుదం. తీసేయిద్దం. మళ్ళ గారా ఏంది పిల్లలు? గసుంటి మూతితోని పుడితె దాని బతుకేంగావాలె? ఎవరు చేసుకుంటరు?"

నేను పప్పు బాగుందన్నాను.


డిసెంబరు 15

తినేటప్పుడు వాదించకూడదని ఊరుకున్నాను.


డిసెంబరు 16

తిన్నాక కూడా ఊరుకున్నాను.

ఆ రోజు జామకాయ కోస్తుంటే వంటింట్లో నేనే అడ్డుపడ్డాను. గ్రహణం కదా, ఎందుకులే అన్నాను. సైన్సు చదివినవాణ్ణి. భవాని కత్తి ఆపలేదు. హేమకు వినపడకుండా అంది: "గ్రహణం పట్టినోనితోని ముప్పై ఏండ్లు సంసారం చేసిన. ఏం తక్కువైంది? కారం డబ్బా అందుకో."

అందించాను. కాబట్టి నేరంలో నా చెయ్యి కూడా ఉంది, ఫోటోలో పడలేదంతే.


డిసెంబరు 19

పదకొండు మిల్లీమీటర్లు. హనుమంత సెలూన్‌కు వెళ్ళి నల్లరంగు కూడా వేయించుకున్నాను. భార్య పోయి ఆరు వారాలే అయింది, మీసానికి రంగు.

"ఇంగ కనవడది సార్," అన్నాడు అద్దం పట్టి. "సైకిల్ గిట్ల ఏం లేనట్టే."

మాస్కు డస్ట్‌బిన్‌లో వేశాను. సుఖంగా ఉండాల్సింది.


డిసెంబరు 21

హేమ ఫోన్ చేసింది. ఇరవై తొమ్మిదో తారీకున వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటోందట మహాదేవి. నువ్వేమనుకుంటున్నావు అని అడిగాను. నాకు తెలియడం లేదంది.

"నాన్నా, అమ్మ తప్పు చేసిందా?"

"లేదు."

"మరి నేను చేసిన్నా?"

ఎవరో తలుపు కొడుతున్నారని చెప్పి పెట్టేశాను. ఎవరూ కొట్టలేదు.


డిసెంబరు 22

పొద్దున మొదటి బస్సుకు రాయచూరు వెళ్ళి చెప్పేశాను. ముగ్గురూ టిఫిను దగ్గర ఉన్నారు. మీసం రెండు వేళ్ళతో పైకెత్తి చూపించాను కూడా. నాది గ్రహణం మొర్రి, సైకిల్ అబద్ధం, హేమ బిడ్డకు వస్తే నా వల్ల వచ్చి ఉంటుంది, జామకాయ వల్ల కాదు అన్నాను. బస్సులో అనుకున్నది అనుకున్నట్టే చెప్పాను.

ఎవరూ నమ్మలేదు.

మహాదేవి కళ్ళు తుడుచుకుంది. "వదినె మీద పేరు రావొద్దని నువ్వు మీదేస్కుంటున్నవ్ అన్నా. నాకు ఎరికైతది."

"మీ బాధ అర్థమైతది మామా," అన్నాడు నిఖిలేశ్ గడ్డంలోంచి.

హేమ అంది: "అమ్మ కోసం గిట్ల చెప్పకు నాన్నా. పోయిన నెలనే గదా సైకిల్ అన్నవ్. బ్రేకు తాకిందని హనుమంతకు సుత చెప్పినవంట."

నలభై ఏళ్ళు అబద్ధం చెప్పాను, అందరూ నమ్మారు. నిజం ఒక్క పూట చెప్పాను. మహాదేవి నాకు ఇంకో ఇడ్లీ వేసింది.


డిసెంబరు 25

సెలవు. ఊరికి వెళ్ళాను. చంద్రబండ దాటాక నాలుగు కిలోమీటర్లు. పదకొండేళ్ళయింది వెళ్ళి. నన్ను పుట్టినప్పటి మూతితో చూసినవాళ్ళలో మిగిలింది మంజమ్మ చిన్నమ్మ ఒక్కతే. నాన్న తమ్ముడి భార్య. ఎనభై దాటాయి. గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. కళ్ళు సరిగా లేవు.

"ఎవరు?"

"విరూపాక్షను చిన్నమ్మా."

"ఏ విరూపాక్ష?"

"శక్తినగర్ల ఉంట. రామన్న కొడుకును."

"రామన్న కొడుకు పోయె గదా."

"అది అన్న. నేను చిన్నోణ్ణి."

చేట ఆపింది గానీ గుర్తుపట్టలేదు. ఎదురింటి అరుగు మీద నలుగురు ఉన్నారు, వింటున్నారు. ఈ ఒక్క పేరు వినకూడదనే పదకొండేళ్ళు ఈ దారి తొక్కలేదు.

"మొర్రోణ్ణి," అన్నాను.

"అట్ల చెప్పు," అంది. "రా, కూసో. పెండ్లాం పోయిందంట గదా. మంచి పిల్ల. ఓపాలి ఒచ్చినప్పుడు నా నెత్తి దువ్వింది."

అప్పుడు ఏడ్చాను. ఎదురింటివాళ్ళు చూశారు. చూడనీ.

రేపు రాయచూరు రమ్మన్నాను. ఎందుకు అంది. నా మూతి గురించి చెప్పాలన్నాను. దాని గురించి చెప్పేతందుకు ఆటో కిరాయ ఎందుకురా, ఈడికెళ్ళి అరిస్తే ఇనవడదా అంది.


డిసెంబరు 26

చిన్నమ్మ మహాదేవి సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. వక్క నోట్లో వేసుకుంది. నా గడ్డం పట్టి మూతి వెలుతురుకు తిప్పింది, సంతలో దూడను చూసినట్టు.

"గీడు పుట్టినప్పుడు గీ సందు ఇంత ఉండె. చన్ను అందకపోయె. వీళ్ళమ్మ ఏడ్సుకుంట పండుకుంటే నేను చెంచతోని పట్టిన. సగం పొట్టలకు, సగం నా చీర మీదికి. మిగిలిన సగంతోని గింత పెరిగిండు సూడు."

మహాదేవి మెల్లగా అడిగింది. "గ్రహణం పట్టిందా పెద్దమ్మా?"

"ఏ గ్రహణం? వీడు కడుపుల వడ్డంక మా ఊర్ల గ్రహణమే కనవడలే. వీని నాయినమ్మకు ఒక గ్రహణం కావాల్నుండె. ఏడనో అయ్యింది, నువ్వు అప్పుడే చొప్ప కోసినవ్ అన్నది. మా అక్కను సచ్చేదాంక గదే మాట అన్నది. చొప్ప కొయ్యకుంటె బర్రెలేం తింటయి? నేను సుత కోసిన. నాకు ఆరుగురు. అందరి మూతులు మంచిగనే ఉన్నయి. బుద్ధులు లెవ్వు గని."

నిఖిలేశ్ నవ్వు ఆపుకోలేక లేచి నీళ్ళు తేవడానికి వెళ్ళాడు.

మా అమ్మను చచ్చేదాకా అన్నారని నాకు తెలియదు. తెలియదని రాయడం సుఖంగా ఉంది. తెలుసు. ఊళ్ళో పెళ్ళిళ్ళకు అమ్మ వెనక వరసలో కూర్చునేది. ఎందుకని నేను అడగలేదు. హాస్టల్‌కు వెళ్ళిపోయాను, సైకిల్ ఎక్కి.

హేమ వచ్చి నా పక్కన కూర్చుంది. మహాదేవి అడిగింది.

"మరి వదినె ఎట్ల ఒప్పుకున్నది అన్నా?"

ఎవరు చేసుకుంటారు అన్న తన ప్రశ్నే అది, ఈసారి నిజంగా అడిగింది. నిజమే చెప్పాను.

"పెండ్లయిన వారానికి సైకిల్ అని చెప్పిన. సైకిల్ పన్ను సుత తీస్కపోయిందా అన్నది. చిగురు కాడ సందుంటది, అది చూసింది. అప్పుడు మొత్తం చెప్పిన. నేను నీ మూతి చూసి చేసుకోలే, ప్లాంటు క్వార్టర్ చూసి చేసుకున్న, నల్లా నీళ్ళు ఇరవై నాలుగ్గంటలు అన్నరు, పండుకో అన్నది."

హేమ నవ్వింది. భవాని పోయిన నవంబరు ఏడు తర్వాత ఇదే మొదటిసారి. నవ్వుతూనే ఏడ్చింది. చిన్నమ్మ ఆమె కడుపు మీద చెయ్యి వేసి, ఆకలైతున్నది, మీ ఇంట్ల వండరా అని అడిగింది. మహాదేవి లేచింది.


డిసెంబరు 29

ఆ వేరే డాక్టరు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళనని హేమ చెప్పిందట. మహాదేవి ఏమందని అడిగాను. "బియ్యం కడిగింది," అంది హేమ.


జనవరి 2

మళ్ళీ డాక్టరమ్మ. అందరం వెళ్ళాం. హేమ తనే చెప్పింది: "మేడమ్, పోయినసారి తప్పు చెప్పిన. మా నాన్నకుంది."

డాక్టరమ్మ టార్చి వేసి నా పెదవి లోపలా బయటా చూసింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో గర్భిణుల గదిలో పరీక్ష చేయించుకున్నాను. ఆ రోజుల్లో ఇంత బాగా కుట్టారే అంది. మహాదేవి గొంతు సవరించుకుని జామకాయ గురించి అడిగింది. కొన్నిసార్లు కుటుంబంలో వస్తుంది, కొన్నిసార్లు ఊరికే వస్తుంది, జామకాయ వల్ల రాదు అంది డాక్టరమ్మ. ఫారంలో ఏదో గడిలో రాసుకుంది.

బయటికొచ్చాక మహాదేవి ఫోను తీసింది. ఆ ఫోటో తెరిచింది. తుడిచేస్తుందనుకున్నాను. తుడవలేదు. "గాజులు మంచిగున్నయి వదినెవి," అంది.


జనవరి 4

హేమ అడిగింది. "మీసం తీసేయి నాన్నా. నేను రోజు చూడాలె. రేపు ఎట్లుంటదో నాకు అలవాటు గావాలె."

తీసేశాను. మహాదేవి తలుపు తీసి నన్ను చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుంది. "మళ్ళ ఎవరు పోయిన్రు అన్నా?"

ఎవరూ పోలేదని నమ్మించేసరికి చాయ్ చల్లారింది.

హేమ కూర్చోబెట్టి ప్రశ్నలు వేసింది. నొస్తదా? చలికి బిగుస్తది. ఈల వస్తదా? రాదు. బుగ్గ, గదే బెలూన్, ఊదితే? ఇంకొకరికి ఇయ్యాలె. బడిల ఏమని పిలిచిన్రు? అన్ని పేర్లూ చెప్పాను. పదకొండున్నాయి. రెండు బూతులు, అవీ చెప్పాను. రాసుకుంది. ఎందుకన్నాను. దానికి ముందే చెప్పిపెడతా, కొత్తవి ఏమన్నా అంటేనే ఏడువు అంటా అంది.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. భవాని కూతురు.


జనవరి 19

చాయ్ చుక్క కారింది. ఎదురుగా కూర్చున్న హేమ తన పైపెదవి ముట్టుకుంది. ఎవరు నేర్పారో అడగలేదు.


ఏప్రిల్ 29

ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందలు. మీసం సౌకర్యం లేదు.

నర్సు బిడ్డను తెచ్చి మూతి మీదికి గుడ్డ లాగి మహాదేవి చేతికిచ్చింది. మహాదేవి గుడ్డ కిందికి దించింది.

"ఎందుకు కప్పుతవమ్మా. మాకు ఎరికనే."

తర్వాత చాలాసేపు చూసింది. నేనూ చూశాను. సందు పెద్దదే. నాదెప్పుడూ నేను చూసుకోలేదు. ఇలాగే ఉండి ఉంటుంది. అమ్మ చూసింది ఇదే. ఆసుపత్రి బయటికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను.

నిఖిలేశ్ అప్పటికే సెలూన్‌కు పరుగెత్తాడు.


మే 3

పెదవికి కుట్టు మూడు నెలలు నిండాక, అంగిలికి ఏడాది దగ్గర. అప్పటిదాకా చెంచా. ఈ రోజు నా వంతు. మహాదేవి బిడ్డ తల ఎత్తి పట్టుకుంది, నేను పోశాను.

"మెల్లగ అన్నా. బొగ్గు పోస్తున్నవా ఏంది?"

హేమ పిండి ఇచ్చిన పాలు ఇరవై మిల్లీలీటర్లు. పట్టడానికి ముప్పై ఐదు నిమిషాలు. మధ్యలో తుమ్మింది. ఐదు మిల్లీలీటర్లు ముక్కులోంచి తిరిగి నా చొక్కా మీదికి వచ్చాయి. నికరం పదిహేను. గిన్నె ఖాళీ అయినా నోరు ఇంకా తెరిచే ఉంది. అది ఆకలో, చీలికో నాకు తెలియలేదు.

"ఆకలే అన్నా," అంది మహాదేవి. "ఇంకిన్ని పట్టు."

హేమ దగ్గరికి గిన్నె పట్టుకెళ్ళాను.